సెడాన్ ముందు స్ట్రట్లు మార్చాలంటున్నారా? ముందు ఇది చూసుకుని, తర్వాత డబ్బు తీయండి

"అన్నా, ముందు షాకబ్జర్లు పోయినయంట. పద్దెనిమిది వేలు చెప్తున్నరు. ఇచ్చేయమంటవా?"

వానలు వెనకపట్టి, హైదరాబాద్ రోడ్ల మీద గుంతలు బయటపడే రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. అపార్ట్‌మెంట్‌లో వాళ్లు, ఆఫీసులో వాళ్లు, మేనత్త కొడుకు, అందరిదీ ఒకటే ప్రశ్న. అందరికీ చెప్పే జవాబూ ఒకటే కాబట్టి వివరంగా ఇక్కడ రాసి పెడుతున్నాను.

రెండు మాటలు ముందే చెప్పేస్తాను. ఒకటి, కింద నుంచి చప్పుడు వచ్చినంత మాత్రాన స్ట్రట్ పోయినట్టు కాదు. ఆ చప్పుడు చాలాసార్లు లింక్ రాడ్‌దో (చక్రం వైపు భాగాన్ని, బండి పక్కకు ఒరగకుండా ఆపే బార్‌తో కలిపే చిన్న కడ్డీ), పైన మౌంటింగ్‌దో (స్ట్రట్‌ను బాడీకి పట్టించే రబ్బరు భాగం) అవుతుంది. రెండు, స్ట్రట్ ధర వేరు, స్ట్రట్ మార్చిన బిల్లు వేరు. బిల్లు పెరిగేది స్ట్రట్ చుట్టూ ఉండే చిన్న సామాన్ల వల్ల, లేబర్ వల్ల. ఆ చిన్న సామాన్లలో ఏది వేయించాలో, ఏది అక్కర్లేదో తెలిస్తే ఎవరూ మిమ్మల్ని కంగారు పెట్టలేరు.

స్ట్రట్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో. డిజైర్, అమేజ్, ఆరా, సిటీ, వెర్నా, సియాజ్ లాంటి సెడాన్లలో ముందు చక్రాలకు షాక్ అబ్జార్బరూ స్ప్రింగూ ఒకే కడ్డీగా కలిసి ఉంటాయి. అదే స్ట్రట్. గ్యారేజీలో మాత్రం దాన్ని షాకబ్జర్ అనే అంటారు. స్ట్రట్ మార్చడమంటే స్ప్రింగు కాకుండా, లోపల ఆయిల్ ఉండే గొట్టాన్ని మార్చడమే. ఈ కార్లలో వెనక స్ప్రింగు వేరుగా, షాక్ అబ్జార్బర్ వేరుగా ఉంటాయి. అందుకే వెనక పని సులువు, లేబరూ తక్కువ. బండి బరువు మోసేది స్ప్రింగు. స్ప్రింగు ఊగకుండా పట్టి ఉంచేది స్ట్రట్ లోపలి ఆయిలూ గ్యాసూ. ఈ తేడా గుర్తుంచుకోండి, కింద అవసరం పడుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- టార్చి లైటు, ఫోన్ కెమెరా
- కొలిచే టేపు
- టైరు గాలి చూసే గేజి, లేదంటే నమ్మకమైన పెట్రోల్ బంకు
- ఆర్‌సీ కాపీ (ఛాసిస్ నంబరు, తయారైన నెల కావాలి)
- స్టీరింగ్ తిప్పడానికి తోడు ఒకరు
- ఓ అరగంట తీరిక, ట్రాఫిక్ లేని కాలనీ రోడ్డు

1. ముందు గాలి సరిచేయండి

నవ్వకండి, నిజంగా మొదటి పని ఇదే. డ్రైవర్ డోరు తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కరు ఉంటుంది, ఎంత గాలి ఉండాలో దాని మీదే రాసి ఉంటుంది. చాలా సెడాన్లకు 30 నుంచి 33 దగ్గర ఉంటుంది. బంకులో కుర్రాడు అడక్కుండానే 38, 40 కొట్టేస్తే ప్రతి చిన్న గుంతా వెన్నులో తగులుతుంది. "సస్పెన్షన్ గట్టిపడింది" అని గ్యారేజీకి పోయినవాళ్లలో కొందరికి కావాల్సింది గాలి తీయించుకోవడమే. పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడండి. గాలి సరిచేసి రెండు రోజులు నడిపాక కూడా బాధ ఉంటే ముందుకు పోదాం.

2. చప్పుడు ఏ రకమో వినండి

ఖర్చు తేలేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి. ఏసీ, పాటలు ఆపి, అద్దాలు దించి, కాంపౌండ్ గోడ పక్కన 15–20 స్పీడులో నడపండి. గోడకు తగిలి చప్పుడు తిరిగి వస్తుంది కాబట్టి ఏ వైపుదో బాగా తెలుస్తుంది.

*టకటక, కటకట.* నెమ్మదిగా పోతున్నప్పుడు, చిన్నచిన్న ఎగుడుదిగుళ్ల మీద, వదులైన గొళ్లెం కొట్టుకున్నట్టు. మొదట అనుమానించాల్సింది లింక్ రాడ్. స్ట్రట్ ధరతో పోలిస్తే ఇది చాలా చిన్న ఖర్చు.

*స్టీరింగ్ తిప్పితే "టంగ్" మని, లేదా కిర్రుమని.* బండి నిలిపి ఉంచి, ఇంజిన్ ఆన్ చేసి తోడొచ్చిన వాళ్లను స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పమనండి. మీరు బానెట్ తెరిచి స్ట్రట్ పైభాగం మీద అరచేయి ఆనించండి. చేతికి కుదుపు తెలిస్తే మౌంటింగ్ బేరింగ్ పట్టేసిందన్నమాట. స్ప్రింగు చుట్ల మధ్య మాత్రం వేళ్లు పెట్టకండి. కొన్ని కార్లలో ఆ పైభాగం వైపర్ల కింది ప్లాస్టిక్ కప్పు లోపల ఉంటుంది, అప్పుడు చెవితోనే పట్టుకోవాలి.

*స్పీడ్ బ్రేకర్ దిగగానే "ధబ్" మని ఒకే దెబ్బ.* స్ట్రట్ పోయి చివరి దాకా కూర్చుంటోంది, లేదా లోపల ఆ చివరి దెబ్బను కాచుకునే బంప్ స్టాప్ రబ్బరు పొడైపోయింది. స్ట్రట్ మీద బలమైన అనుమానం ఇక్కడే.

*బ్రేక్ వేసినప్పుడు లోపల "డగ్" మని.* చాలాసార్లు లోయర్ ఆర్మ్ బుష్, అంటే చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే చేయి దగ్గరి రబ్బరు.

*చప్పుడేమీ లేదు, కానీ స్పీడులో బండి పడవలా ఊగుతోంది, బ్రేక్ వేస్తే ముక్కు కిందికి దిగిపోతోంది.* స్ట్రట్ నిశ్శబ్దంగా అరిగిపోతే ఇలాగే ఉంటుంది. చప్పుడు లేదు కదా అని జనం పట్టించుకోరు. నా లెక్కలో అన్నిటికన్నా ప్రమాదకరం ఇదే, ఎందుకంటే టైరు రోడ్డును సరిగా పట్టుకోదు, వాన నీళ్ల మీద బ్రేక్ వేసినప్పుడు బండి ఆగే దూరం పెరుగుతుంది.

నా సొంత బండికి ఒకసారి టకటక చప్పుడు వస్తే, ఒక గ్యారేజీలో రెండు స్ట్రట్లూ మార్చేశారు. డబ్బు కట్టి బయటికి వచ్చాను, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే అదే టకటక. తర్వాత ఇంకో మెకానిక్ ఎడమ లింక్ రాడ్ చేత్తో ఊపి చూపించాడు, దాని కొనలోని కీలు, అంటే బాల్ జాయింట్, గలగలలాడుతోంది. పది నిమిషాల పని. వినకుండా మార్పించకండి అని ఇంతగా చెబుతున్నది అందుకే.

3. కంటితో చూడండి, చేత్తో నొక్కండి

స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పి ఉంచితే చక్రం వెనక స్ట్రట్ కనిపిస్తుంది. టార్చి వేసి చూడండి.

పైన సన్నటి తేమ, దాని మీద దుమ్ము పొరలా ఉంటే కంగారు అక్కర్లేదు, మూడు నెలల తర్వాత మళ్లీ చూడండి. ఆయిల్ ధారగా కారి సగం గొట్టం దాకా నల్లగా, జిడ్డుగా ఉంటే స్ట్రట్ పోయినట్టే. వాన నీళ్లను ఆయిల్ అనుకోకండి. గుడ్డతో తుడిచి, రెండు మూడు రోజులు నడిపి మళ్లీ చూస్తే నిజం తెలుస్తుంది. తుడవడానికి ముందు ఒక ఫోటో, తర్వాత ఒకటి తీసి పెట్టుకోండి.

టైరు మీద అరచేయి నిమరండి. అక్కడక్కడా గిన్నెల్లా పల్లాలు పడి, అలలు అలలుగా తగిలితే స్ట్రట్ చాలా కాలంగా పని చేయట్లేదని అర్థం. ఒకే అంచు అరిగితే అది ఎక్కువగా అలైన్‌మెంట్ (చక్రాల కోణాల) గోల.

తర్వాత బానెట్ మూల మీద బరువు వేసి రెండు మూడు సార్లు గట్టిగా నొక్కి వదిలేయండి. బండి పైకి లేచి ఒకసారి సర్దుకుని ఆగాలి. రెండు మూడు సార్లు ఊగితే స్ట్రట్ బలహీనపడింది. ఈ పరీక్షకు హద్దు ఉంది. ఊగితే పోయిందని చెప్పొచ్చు గానీ, ఊగకపోతే బాగుందని మాత్రం చెప్పలేం. సగం అరిగిన గ్యాస్ స్ట్రట్ ఈ పరీక్షలో సులువుగా పాసవుతుంది.

చివరగా టేపు తీసుకుని, చదునైన నేల మీద చక్రం నడి మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు కొలవండి. కుడి, ఎడమల మధ్య ఒకటిన్నర సెంటీమీటరు, అంతకన్నా ఎక్కువ తేడా ఉంటే స్ప్రింగు విరిగిందేమో చూడాలి. "బండి ఒక వైపు కుంగింది, షాకబ్జర్ మార్చాలి" అంటే నమ్మకండి. బరువు మోసేది స్ప్రింగని పైన చెప్పాను కదా. ఈ కొలతలు రాసి పెట్టుకోండి, పని అయ్యాక మళ్లీ కొలుస్తాం.

ఎన్ని కిలోమీటర్లకు పోతుంది అని అడుగుతారు. మన నగరం రోడ్లలో 60 వేల నుంచి లక్ష మధ్య ముందు జత ఒకసారి చూపించుకోవాలని నేను చెబుతాను. అంతే తప్ప ఓడోమీటరు చూసి మార్పించవద్దు.

4. దేంతో పాటు ఏది మార్చాలో తేల్చుకోండి

స్ట్రట్ విప్పినప్పుడు ఈ కిందివి ఎలాగూ చేతిలోకి వస్తాయి. తర్వాత విడిగా మార్చాలంటే మళ్లీ అంతా విప్పాలి, లేబర్ రెండోసారి కట్టాలి.

తప్పక కొత్తవి వేయాల్సినవి: బంప్ స్టాప్, దుమ్ము తొడుగు, ఒక్కసారి వాడే లాక్ నట్లు. వీటి మీద మిగిల్చే వందల కోసం కొత్త స్ట్రట్‌లో ఆయిల్ కారకుండా ఆపే సీలు పాడు చేసుకోవద్దు. తొడుగు చిరిగితే ఇసుక రేణువులు గొట్టంలోంచి పైకి వచ్చే మెరిసే కడ్డీ మీద పడి సీలును గీరేస్తాయి.

60 వేలు దాటిన బండికి: పై మౌంటింగ్, బేరింగ్ కూడా. ఇది నా గట్టి అభిప్రాయం. కొత్త స్ట్రట్‌కు పాత మౌంటింగ్ వేసి ఆర్నెల్లకే తిరిగి వచ్చిన బండ్లు చూశాను.

చూసి తేల్చాల్సినవి: లింక్ రాడ్, లోయర్ ఆర్మ్ బుష్, బాల్ జాయింట్. ఆట (వదులుతనం) ఉంటేనే మార్చాలి. ఆట ఉందంటే మీ కళ్ల ముందు ఊపి చూపించమనండి.

అక్కర్లేనిది: స్ప్రింగు. విరగకపోతే, కుంగకపోతే పాత స్ప్రింగే చాలు.

ఒక ఇరుసు మీద రెండూ కలిపే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బ్రేక్ వేసినప్పుడూ మలుపులోనూ రెండు వైపులూ రెండు రకాలుగా స్పందిస్తాయి. 15–20 వేలు కూడా తిరగని బండిలో ఒకటే లీకైతే మాత్రం ఆ ఒక్కటి మార్చుకోవచ్చు. అప్పుడైతే ముందు వారంటీ అడగండి, డబ్బు తీయకండి. నాలుగూ ఒకేసారి అన్నది మాత్రం రూలేమీ కాదు. వెనకవి బాగుంటే ముందు జత చేయించి, వెనకవి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

5. లెక్క కాగితం మీద పెట్టండి

ఇక్కడ ఇచ్చేవి బయటి మంచి గ్యారేజీలో, కంపెనీ పార్ట్ వేయిస్తే అయ్యే ఉజ్జాయింపు ధరలు. మీ మోడల్, సంవత్సరం, డీజిలా పెట్రోలా అన్నదాన్ని బట్టి మారతాయి. అంకెలకన్నా ఏ లైనుకు ఎంత వాటా పడుతోందో చూడండి.

చిన్న సెడాన్ (డిజైర్, అమేజ్, ఆరా తరహా), ముందు జత:
- స్ట్రట్లు రెండు, ఒక్కోటి 2,500 చొప్పున: రూ. 5,000
- మౌంటింగ్, బేరింగ్ రెండు వైపులా: రూ. 2,200
- బంప్ స్టాప్, తొడుగులు: రూ. 600
- లేబర్: రూ. 1,200
- అలైన్‌మెంట్: రూ. 500
- మొత్తం: రూ. 9,500

మధ్య తరగతి సెడాన్ (సిటీ, వెర్నా తరహా), ముందు జత:
- స్ట్రట్లు రెండు, ఒక్కోటి 4,500 చొప్పున: రూ. 9,000
- మౌంటింగ్, బేరింగ్: రూ. 3,600
- బంప్ స్టాప్, తొడుగులు: రూ. 900
- లేబర్: రూ. 2,000
- అలైన్‌మెంట్: రూ. 700
- మొత్తం: రూ. 16,200

లింక్ రాడ్లు కూడా పోతే జతకు మరో వెయ్యి నుంచి రెండు వేలు కలుపుకోండి. కంపెనీ సర్వీస్ సెంటర్లో లేబర్ దీనికి రెట్టింపు దాకా ఉండొచ్చు. పార్ట్ ధర మాత్రం పెద్దగా మారదు, ఎందుకంటే అది ఎమ్మార్పీ.

కాబట్టి మొదట ఫోన్లో అడిగిన తమ్ముడి పద్దెనిమిది వేలు ఎక్కువా తక్కువా అంటే, సిటీకి మౌంటింగ్, లింక్ రాడ్లతో కలిపి అయితే న్యాయమే. డిజైర్‌కు ఒట్టి స్ట్రట్లకే అయితే అన్యాయం. లైన్లవారీగా రాయించుకోకుండా మొత్తం అంకె ఒక్కటి విని అవునో కాదో చెప్పడం ఎవరి వల్లా కాదు.

పన్ను దగ్గర ఒక జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడి భాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలా భాగాలకు 28 ఉండేది. పాత కొటేషన్ చూపిస్తే కొత్తది అడగండి. ఇంకో సంగతి, ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది. ఎమ్మార్పీ వేసి దాని మీద మళ్లీ జీఎస్టీ కలిపితే అది తప్పు బిల్లు. లేబర్ మీద మాత్రం 18 శాతం విడిగా పడొచ్చు.

"ఇన్సూరెన్స్‌లో వస్తదా?" అని తప్పకుండా అడుగుతారు. అరుగుదలకు రాదు. గుంతలో పడి స్ట్రట్ వంగితే క్లెయిమ్ చేయొచ్చు. కానీ లెక్క వేయండి: ఐదేళ్లు దాటి పదేళ్లు దాటని బండికి ఇనుప భాగాల మీద 40 శాతం, రబ్బరు, ప్లాస్టిక్ మీద 50 శాతం తరుగుదల తీసేస్తారు. తరుగుదల తీయని జీరో డెప్ పాలసీ తీసుకుని ఉంటే ఈ కోత ఉండదు. ఆ పైన మీ జేబు నుంచి తప్పక కట్టాల్సిన వాటా 1500 సీసీ లోపు బండికి రూ. 1,000, పైబడితే రూ. 2,000. దానితో పాటు నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఒక్క స్ట్రట్ కోసం క్లెయిమ్ చేయడం నాకైతే లాభంగా అనిపించలేదు. చక్రం, లోయర్ ఆర్మ్, స్టీరింగ్ ర్యాక్ అన్నీ దెబ్బతింటే అది వేరే కథ.

6. పార్ట్ కొనడం

పార్ట్ మీరే కొని తెచ్చేట్టయితే రాణీగంజ్, పుత్లీబౌలి, వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్, ఈ మూడు చోట్లా విడి భాగాల దుకాణాలు ఉన్నాయి. ఆర్‌సీ కాపీ పట్టుకుని వెళ్లండి. "డిజైర్‌కు ముందు షాకబ్జర్" అంటే చాలదు, తయారైన నెలను బట్టి పార్ట్ నంబర్ మారుతుంది. ముందు స్ట్రట్‌లో ఎడమ, కుడి వేరువేరు. బ్రేక్ పైపు క్లిప్పు, ఏబీఎస్ వైరు పట్టే చోటు తిరగబడి ఉంటాయి. రెండు ఎడమవి తెచ్చుకుని మళ్లీ రాణీగంజ్ ట్రాఫిక్‌లో పడినవాళ్లు నాకు తెలుసు.

కంపెనీ పెట్టె కాకపోతే గాబ్రియేల్, మన్రో, కేవైబీ లాంటి పేరున్న బ్రాండ్లలో మీ మోడల్‌కు ఉన్నది తీసుకోవచ్చు. వీటిలో గాబ్రియేల్ ఇండియా 1961 నుంచి మన దేశంలోనే తయారు చేస్తోంది. పెట్టె మీద పార్ట్ నంబర్, తయారీ నెల, ఎమ్మార్పీ, సీలు, హోలోగ్రాం చూడండి. బిల్లు లేకుండా కొనకండి. వందో రెండొందలో తగ్గుతుందని బిల్లు వదిలేస్తే వారంటీ కూడా వదిలేసినట్టే.

రీకండిషన్ స్ట్రట్ మాత్రం వద్దే వద్దు. పాతదానికి కింద రంధ్రం పెట్టి, ఆయిల్ నింపి, వెల్డింగ్ చేసి, నల్ల రంగు వేసి అమ్ముతారు. సగం ధరకు కూడా తక్కువకే వస్తుంది. గొట్టం అడుగున వెల్డింగ్ గుర్తు, మందంగా తాజా రంగు, నంబర్ లేకపోవడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా తిరిగి ఇచ్చేయండి.

7. గ్యారేజీ వాళ్లతో ఏం మాట్లాడాలి

ఈ నాలుగు అడగండి, జవాబులు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

- "భయ్యా, ఏం పోయిందో లిఫ్ట్ మీద పెట్టి చూపిస్తరా?"
- "స్ప్రింగ్ కంప్రెషర్ ఉందా?" స్ప్రింగును నొక్కి పట్టే పరికరం అది. లేదంటే అక్కడ చేయించొద్దు.
- "పార్ట్ నేను తెచ్చుకుంటే లేబర్ ఎంత?" కొందరు ఒప్పుకోరు, ఒప్పుకున్నా పనికి గ్యారంటీ ఉండదంటారు. అది వాళ్ల హక్కు, ముందే తేల్చుకోండి.
- "పాత సామాను నాకు ఇచ్చేయాలె."

ఇంటి దగ్గరికే వచ్చి చేసే వాళ్లున్నారు. స్టాండ్లు, సరైన కంప్రెషర్ తెచ్చుకుంటే ఫరవాలేదు. జాకీ ఒక్కటే పెట్టి పని మొదలెడితే ఆపించండి.

8. పని జరిగేటప్పుడు పక్కన ఉండండి

ముందు జతకు రెండు గంటల పని. వెయిటింగ్ రూములో టీవీ చూసే బదులు పక్కన నిలబడండి.

మొదట ఒక హెచ్చరిక. యూట్యూబ్ చూసి ఇంట్లో స్ప్రింగు విప్పే ప్రయత్నం చేయకండి. స్ట్రట్ పైన నడిమధ్య ఉండే నట్టు, నొక్కిపెట్టిన స్ప్రింగును పట్టి ఉంచుతుంది. కంప్రెషర్ బిగించకుండా ఆ నట్టు విప్పితే స్ప్రింగు తుపాకీ గుండులా ఎగురుతుంది. ముఖానికి తగిలితే మనిషి మిగలడు. స్ప్రింగు తాళ్లతో కట్టి పని చేస్తామనే చోట కూడా నిలబడకండి.

మీరు చూడాల్సినవి వరసగా:

ఒకటి, చక్రం తీశాక బ్రేక్ పైపు, ఏబీఎస్ వైరు క్లిప్పుల నుంచి ముందే విడదీయాలి. అవి తెగేలా వేలాడకూడదు. స్ట్రట్ ఊడదీశాక హబ్‌ను (చక్రం బిగించే భాగం) తాడుతోనో, కింద ఆనించో పట్టి ఉంచాలి. బయటికి వాలిపోతే చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ లోపల జారిపోతుంది.

రెండు, పాత స్ట్రట్ బయటికి రాగానే కడ్డీని చేత్తో కిందికి నొక్కి చూడండి. ఆగి ఆగి దిగినా, అడ్డూ అదుపూ లేకుండా జారిపోయినా పోయినట్టే. ఒకే బలంతో దిగి, నెమ్మదిగా తనంతట తాను పైకి వస్తే మీది మంచి స్ట్రట్. ఇక్కడ కూడా ఆపే హక్కు మీకు ఉంది.

మూడు, కొత్త స్ట్రట్‌ను నిటారుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగాలి. పెట్టెలో పడుకోబెట్టి ఉండటం వల్ల లోపల చేరిన గాలి పోతుంది. ఇది చేయకపోతే మొదటి రోజుల్లో "చక్ చక్" మంటుంది. చాలామంది ఈ పని చేయరు, అడిగి చేయించండి.

నాలుగు, మెరిసే కడ్డీని ప్లయర్‌తోనో పైపు రెంచితోనో పట్టుకోనివ్వకండి. ఒక్క గీత పడినా సీలు తెగి నెలల్లో ఆయిల్ కారుతుంది. పై నట్టు బిగించేటప్పుడు కడ్డీ తిరగకుండా పట్టుకునే గాడి దాని కొనలోనే ఉంటుంది. నట్లు బిగించే గన్‌తో ఎడాపెడా బిగిస్తే కడ్డీ గిర్రున తిరిగి లోపలి సీలు దెబ్బతింటుంది.

ఐదు, స్ప్రింగు కింది కొన దాని గిన్నెలో ఉన్న మెట్టుకు ఆనుకుని కూర్చోవాలి. వేలితో చూపించి అడగండి. మెట్టు దాటి కూర్చుంటే తిప్పినప్పుడల్లా చప్పుడు, ఎత్తులో తేడా. పని సరిగా జరగలేదని తిరిగి వచ్చే బండ్లలో నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే.

ఆరు, లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు వదులు చేసి ఉంటే, వాటి చివరి బిగింపు బండి నేల మీద, సొంత బరువు మీద నిలబడ్డాకే జరగాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలికపడి తొందరగా చిరుగుతుంది.

చివరగా వైరు, పైపు మళ్లీ క్లిప్పుల్లోకి వెళ్లాయో చూసుకోండి. చక్రం నట్లు మీ మాన్యువల్‌లో రాసిన బిగింపుకు టార్క్ రెంచితో బిగించమనండి.

9. అదే రోజు అలైన్‌మెంట్

స్ట్రట్‌ను హబ్‌కు కలిపే రెండు బోల్టులు విప్పారు కాబట్టి చక్రం కోణం మారుతుంది. "స్టీరింగ్ సక్కగనే ఉంది సార్, అవసరం లేదు" అన్నా చేయించండి. ఐదు వందలకు వెనకాడితే వేల రూపాయల టైర్లు పక్కకు అరుగుతాయి. చేసే ముందూ తర్వాతా అంకెల కాగితం అడిగి తీసుకోండి. అంకెలు పచ్చ గడిలోకి వచ్చాయో లేదో మీరే చూడండి.

10. పని సరిగా జరిగిందా? ఇలా చూడండి

గ్యారేజీ ఆవరణలోనే స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పండి. చప్పుడు ఉండకూడదు. ఎత్తు మళ్లీ కొలవండి. పాతదానికన్నా కొద్దిగా పెరగొచ్చు, కుడి ఎడమలు మాత్రం దాదాపు సమానంగా ఉండాలి.

తర్వాత మీకు రోజూ అలవాటున్న కాలనీ స్పీడ్ బ్రేకర్ మీద 15లో దాటించండి. ముందు లేచి, దిగి, ఆగాలి. రెండోసారి ఊగకూడదు. మెహదీపట్నం వైపు ఉంటే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కండి. 11.6 కిలోమీటర్ల ఆ వంతెన మీద అతుకులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ప్రతి అతుకు దగ్గరా ఒక "టప్" వినిపించి అక్కడితో ఆగిపోవాలి. దాని వెనకే ఇంకో కటకట వస్తే లింక్ రాడ్‌నో మౌంటింగ్ నట్టునో చూడమనాలి. వీలైతే ఔటర్ రింగ్ రోడ్ మీద 80 దాటాక చదునైన చోట స్టీరింగ్ ఏ వైపుకైనా లాగుతోందా, వణుకుతోందా గమనించండి. లాగితే అలైన్‌మెంట్, వణికితే వీల్ బ్యాలెన్సింగ్.

మొదటి వారం బండి కాస్త గట్టిగా అనిపిస్తుంది. పాత మెత్తదనానికి మీరు అలవాటు పడి ఉన్నారు, భయపడకండి. 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు, స్ట్రట్ పైన ఉండే నట్లు ఒకసారి బిగింపు చూపించుకోండి. నెల తర్వాత టార్చి వేసి కొత్త గొట్టం మీద ఆయిల్ ఉందేమో చూడండి. కారితే బిల్లు, ఫోటో పట్టుకుని కొన్న చోటికే వెళ్లండి. బిల్లులో పార్ట్ నంబర్లు, ఆ రోజు కిలోమీటర్లు రాయించుకుని ఉంటేనే మీ మాట చెల్లుతుంది. అయినా మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

పాత స్ట్రట్లు తెచ్చుకున్నారు కదా, నెల రోజులు బాల్కనీలో ఒక మూల పెట్టి ఉంచండి. కొత్తవాటితో ఏ గొడవా లేదని తేలాక పాత ఇనుము వాడికి వేసేయండి.